ఓడలో ఉన్నవాడికి రాయకూడని కబురు

ఇస్తినియె రేవు, ఇస్తాంబుల్
1915 ఫిబ్రవరి

మామయ్యగారికి,

మీ చేతులు కళ్ళకద్దుకుంటున్నాను.

సెబాత్‌ను నౌకాదళం తీసుకుంది. ఇరవై ఏళ్ళు మీరు నడిపిన ఓడ కనుక ముందుగా మీకే తెలియజేస్తున్నాను. ఒళ్ళంతా బూడిదరంగు పూశారు. వెనక ఉన్న పేరు మీద కూడా పూశారు. ముందు భాగంలో చిన్న ఫిరంగి బిగించారు. దానికోసం సబ్రీ అనే యువ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. ఓడ ఊగితే కడుపులో తిప్పుతున్నా పైకి చెప్పడు.

పని బొగ్గు మోయడం. జొంగుల్‌దాక్ గనుల నుంచి రాజధానికి రైలు లేదు. యుద్ధ ఓడలకు, పిండి మిల్లులకు, ట్రాములకు, వీధి దీపాలకు కావలసిన బొగ్గంతా నల్లసముద్రం మీదుగానే రావాలి. ఈ సంగతి రష్యా వాళ్ళకూ తెలుసు.

కెప్టెన్‌గా కొనసాగుతారా అని అడిగారు. సరేనన్నాను. ఇంజన్ గదిలో ఇద్రిస్ మేస్త్రీ ఉన్నాడు. చుక్కాని గొలుసు మార్పించాను. రేపు బయల్దేరతాం.

నజ్మీ


ఉస్కుదార్
ఫిబ్రవరి

అల్లుడూ,

నీ కళ్ళు ముద్దాడుతున్నాను.

నీ ఉత్తరం చదివి మా చెల్లెలు సాబిరె చేతికిచ్చాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అన్నయ్యా, రెండో కాగితమేదీ?" అంది. ఒకటేనన్నాను. "మరి ఇందులో పిల్ల ఎక్కడుంది? గొలుసుందీ, ఫిరంగుందీ, ఎవడో సబ్రీ కడుపు కూడా ఉంది" అంది. నేనేం చెప్పను? మా అల్లుడు కాలేజీలో చదివాడు, పొదుపుగా రాస్తాడు అన్నాను.

నీ కూతురు బెదియా బాగుంది. ఆరు నిండాయి. పైపళ్ళు రెండూ ఊడాయి. వీధి బడిలో వేశాం, అక్షరాలు దిద్దుతోంది. వాళ్ళమ్మ నిగార్ పోయిన దగ్గర్నుంచి రాత్రి సాబిరె పక్కలోనే పడుకుంటోంది.

ఇక ఓడ సంగతి. బరువెక్కితే సెబాత్ ఎడమకి లాగుతుంది, నీకు తెలిసిందే. పగలు ఒడ్డు వదలకు. జొంగుల్‌దాక్ బొగ్గు మెత్తన, పొగ ఎక్కువ. ఇద్రిస్ చేత ముక్కలు చిన్నవిగా కొట్టించు. కొంచెం కొంచెం వేయమను. ఒక్కసారే కుమ్మరించారంటే ఆకాశంలో నీ చిరునామా రాసినట్టే.

ఇస్తినియె నుంచి ఇక్కడ మన రేవు మెట్ల దగ్గరికి పడవలో ఎంతసేపు పడుతుంది? నాకు గుర్తులేక అడుగుతున్నా.

హుర్షిత్


జొంగుల్‌దాక్
మే

మామయ్యగారికి,

ఓడ బాగా నడుస్తోంది. మీరు చెప్పినట్టే ముక్కలు చిన్నవి చేయిస్తున్నాం. కిందటి వారం రష్యన్ డిస్ట్రాయర్లు ఎరెగ్లి ముందునుంచి వెళ్ళాయి. మేం నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము చాటున నిప్పు అణిచి కూర్చున్నాం. పొగగొట్టం మీద తడి గోనెలు కప్పించాను. సబ్రీ ఫిరంగి దగ్గరే నిలబడ్డాడు. "కాల్చనా కెప్టెన్?" అని అడిగాడు. ఇద్రిస్ కిందనుంచి తల పైకెత్తి, "కాల్చు నాయనా, మనమిక్కడున్నామని వాళ్ళకెవరు చెబుతారు మరి?" అన్నాడు. సబ్రీ కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. బొగ్గు చేరింది.

మీరు అడిగినదానికి జవాబు. ఇస్తినియె నుంచి మన మెట్లకు గంట కూడా పట్టదు.

బెదియా బాగుందని రాశారు. కిందటి అక్టోబరులో నేను ట్రాబ్జోన్ దారిలో ఉన్నప్పుడు నిగార్ కూడా బాగుందని రాశారు. సంసూన్‌లో ఒక ఉత్తరం, గిరెసూన్‌లో ఒకటి, ట్రాబ్జోన్‌లో ఒకటి అందాయి. అంజూరపు మురబ్బా పెట్టిందనీ, నా కోసం ఒక జాడీ దాచిందనీ చివరిదానిలో ఉంది. మచ్చల జ్వరంతో ఆమె అప్పటికే పోయింది. సమాధి కూడా అయింది.

తిరిగి వస్తూ అలవాటు ప్రకారం మన మెట్ల ముందు కూత వేయించాను. నేను పైకి వచ్చేసరికి గడప దగ్గర మీరూ, సాబిరె అత్తయ్యా, ఇమామ్ గారూ నిలబడి ఉన్నారు. మీరు నోరు తెరవకముందే తెలిసింది.

అందుకే బాగుంది అన్న మాట మీ చేతిరాతలో చదివినప్పుడు నాకు ఏమీ తెలియదు. గడప దాకా వస్తే తెలుస్తుంది. నేను ఓడలో ఉంటున్నాను.

నజ్మీ


ఉస్కుదార్
జూన్

అల్లుడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సాబిరె వచ్చి "ఏమంటాడు?" అంది. "నిజం అంటాడు" అన్నాను.

ఓడలో ఉన్నవాడికి చావు కబురు రాయకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ నాకు ఆర్నెల్లు ఆయన పేరుతో ఉత్తరాలు రాయించింది. ఆయన తిట్టినట్టే తిట్టించింది కూడా. గడపలో అడుగుపెట్టాకే చెప్పింది. ఎందుకో చిన్నప్పుడు మా నాన్న చెప్పగా విన్నాను. సినోప్‌లో ఒక కెప్టెన్‌కి కొడుకు పోయిన ఉత్తరం అందిందట. మర్నాడు మంచి ఎండలో, మంచి నీళ్ళలో, ఓడని తిన్నగా రాళ్ళమీదికి తోలాడట. ఆయనొక్కడే పోలేదు. అందరూ పోయారు. అప్పట్నుంచి మన తీరంలో ఎవరూ రాయరు.

నిగార్ నీ భార్య. నా కూతురు కూడా. మట్టి ఇచ్చి వచ్చిన చేతులతో కూర్చుని మురబ్బా గురించి రాశాను. అది ఉత్తుత్తి మురబ్బా కాదు, నిజంగానే పెట్టింది, మంచం పట్టడానికి ముందు. జాడీ ఇప్పటికీ అలమరలో ఉంది. సాబిరె ఎవరినీ ముట్టుకోనివ్వదు.

నీ ఓడలో మనిషి ఒకడు మా కాఫీ కొట్టుకొచ్చాడు. ఎవరని అడక్కు. "మీ అల్లుడు తన వంతు అయ్యాక పక్క ఓడ వంతు కూడా అడిగి తీసుకుంటున్నాడు తాతా. ఇస్తినియెలో దించడం, మళ్ళీ బయల్దేరడం. ఒడ్డుమీద కాలు పెట్టడు" అన్నాడు. నువ్వు రాయలేదది. నేనొక్కడినే దాచేవాణ్ణి కానన్నమాట.

నిన్న మన వీధిలో దీపాలు వెలిగాయి. చాలా రోజులైంది వెలిగి. బెదియా కిటికీలోంచి చూస్తూ "ఎవరు వెలిగించారు?" అంది. దీపాలవాడు ఉస్మాన్ అని సాబిరె చెప్పబోయింది. "మీ నాన్న" అన్నాను నేను. పిల్ల ఆలోచించి, "అయితే నాన్న నిచ్చెనతో వచ్చాడా? మనింటికి రాలేదేం?" అంది.

దీనికి జవాబు నువ్వే రాయి.

హుర్షిత్


మెలెన్ ఏటి మొగ
సెప్టెంబరు

మామయ్యగారికి,

సెబాత్ ఇసుక మీద ఉంది. మనుషులంతా క్షేమం. ఇది ఓడలోంచి రాసే మామూలు క్షేమం కాదు, నిజంగా క్షేమం. ఇద్రిస్ చేయి కొంచెం కాలింది.

మధ్యాహ్నం రెండు డిస్ట్రాయర్లు వెంటపడ్డాయి. దాక్కోవడానికి కొండకొమ్ము లేదు. సముద్రంలోకి పరుగెత్తితే మునుగుతాం. ఆగితే బొగ్గుతోపాటు పట్టుబడతాం. పూర్తి వేగంతో ముక్కుని ఇసుకలోకి తోలాను. పొగగొట్టానికి ఒక గుండు తగిలింది. తర్వాత కొండల మీదనుంచి వాన దిగింది. అది తెరలా అడ్డం పడేసరికి వాళ్ళు వెనక్కి వెళ్ళారు.

ఓడ అడుగు చూసుకున్నాను. రేకులు వంగాయి, చిల్లు లేదు. ఫిరంగి ఊడదీసుకుని ఓడని వదిలేయండని పై అధికారుల నుంచి ఆజ్ఞ వచ్చింది. తేలుస్తానని జవాబు పంపాను. నమ్మకంతోనే రాశాను. బొగ్గు ఖాళీ చేస్తే తేలుతుంది.

తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళు హెజల్ కాయలు ఏరే వీపుబుట్టలతో వచ్చి వరసగా నిలబడ్డారు. ఒడ్డున పడ్డది ఒడ్డువాళ్ళదేనని వాళ్ళ కట్టుబాటు. సబ్రీ తుపాకీ మనుషుల్ని నిలబెట్టాడు. ముందున్న ముసలామె పేరు షెరిఫె. ఆమె నన్ను పిలిచింది.

"కెప్టెన్, నీ ఓడ చచ్చిందా, బతికుందా?"

"బతికే ఉంది."

"మరి పడుకుందేం?"

"అలసిపోయింది."

"మా ఆయనా ఇదే అంటాడు. చలికాలం వస్తే ఎవడూ లేవడు, పొయ్యిలోకి నేనే తేవాలి" అంది. అందరూ నవ్వారు. తర్వాత సబ్రీతో, "బాబూ, ఆ తుపాకీ పట్టుకుని నిలబడ్డం బరువా, బుట్ట మోయడం బరువా? పట్టి చూడు" అంది.

ఒప్పందం కుదిరింది. ఊరి తెరచాప పడవల్లోకి బొగ్గు వాళ్ళే ఎక్కిస్తారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు తలా ఒక బుట్ట. పడవలు ఒడ్డువెంట పాక్కుంటూ ఇస్తాంబుల్ చేరతాయి. మొదటి పడవలు వెళ్ళాయి. అధికారులు ఓడని వదిలేశారు కానీ బొగ్గుని వదల్లేదు.

ముక్కు వైపున్న ముందు బొగ్గు గదిని ఖాళీ చేయిస్తున్నాను. గాలి ఉత్తరానికి తిరిగి నీళ్ళు పొంగిన రోజున లాగుతాం.

బెదియా ప్రశ్నకు జవాబు రాయలేదు. నాకు ఇంకా దొరకలేదు.

నజ్మీ


ఉస్కుదార్
సెప్టెంబరు

అల్లుడూ,

సాబిరెతో వాదించి గెలిచాకే ఇది రాస్తున్నాను. ఓడలో ఉన్నవాడికి రాయకూడదు, నిజమే. కానీ ఓడ ఇసుక మీద ఉంది. ఇసుక మీదున్న ఓడ సముద్రంలో ఉన్నట్టు కాదు. రాళ్ళమీదికి తోలడానికి నీకిప్పుడు వీలు లేదు. కాబట్టి రాయొచ్చు. మా నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదేమో. ఆయన లేడు.

బెదియాకి జబ్బుగా ఉంది. సోమవారం గొంతు వాచింది, మంగళవారం ఒళ్ళంతా ఎర్రగా పేలింది. జ్వరం దిగడం లేదు. డాక్టరు రోజూ వస్తున్నాడు. బతుకుతుందనీ అనడు, బతకదనీ అనడు. ఈ వీధిలో ఇద్దరు పిల్లలు లేచి కూర్చున్నారు. ఒకడు పోయాడు. ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇంతకంటే నాకు తెలియదు. ఇంతకంటే దాచిందీ లేదు.

ఆమె పిలిచేది నన్ను కాదు. నేనిక్కడ గుమ్మం పక్కన కర్ర పట్టుకుని దగ్గడం తప్ప చేసేదేమీ లేదు.

నీ సంగతి నాకు తెలుసు. కెప్టెన్ ఓడని వదిలితే నేరం, సబ్రీ ఆపుతాడు, నువ్వూ ఆగుతావు. అతనికి చెప్పు, ఓడకి కెప్టెన్ వస్తున్నాడని. నా సర్టిఫికెట్‌ని ఎవరూ రద్దు చేయలేదు, నా కాలొక్కటే చేసింది. ఈ ఉత్తరం తెచ్చిన పడవలోనే నువ్వు బయల్దేరు. దాని వెనకే ఇంకో పడవలో నేను వస్తున్నాను. దారిలో ఎదురుపడితే ఆపకు.

గడప దగ్గర ఎవరూ నిలబడకూడదని సాబిరెకి చెప్పాను. తలుపు తీసే ఉంటుంది. తిన్నగా లోపలికి వెళ్ళు.

హుర్షిత్


మెలెన్ ఏటి మొగ
సెప్టెంబరు

అల్లుడూ,

చేరాను. నలుగురు మోసి ఎక్కించారు. ఇద్రిస్ నన్ను చూసి ఏడ్చాడు, తర్వాత నా కర్ర చూసి "ఇది చుక్కానా కెప్టెన్?" అన్నాడు. రెండు తగిలించాను దాంతోనే. సెబాత్ ఎంత మురికిగా ఉందో. బూడిదరంగులో పెళ్ళికూతుర్ని చూసినట్టుంది.

నువ్వు దిగి ఒక్క రోజు కాలేదు, ఇక్కడ వెనక గది ఖాళీ చేస్తున్నారు. వెనక నీళ్ళు లోతు, పడవలు దగ్గరికొస్తాయి, మోత తక్కువ. "పని వేగంగా అవుతోంది" అంటాడు సబ్రీ. "అవును బాబూ, వెనక తేలికైన కొద్దీ ముక్కు ఇసుకలోకి దిగుతోంది, ఇంకో వారంలో గుమ్మడికాయలు పండించొచ్చు దీనిమీద" అన్నాను. పాపం, ఎర్రబడ్డాడు. కానీ వెంటనే మార్చాడు. ఆ గుణం మంచిది. వెనక తొట్టెల్లోకి సముద్రపు నీళ్ళు తోడిస్తున్నాను. ముక్కు దానంతటదే లేస్తుంది.

షెరిఫె అవ్వ నన్ను తేరిపార చూసింది. "ఈ ఓడకి కెప్టెన్లు రోజుకొకరు పుట్టుకొస్తున్నారు. వీడు ముందువాడికంటే పాతబడ్డాడు" అంది. పెళ్ళాం లేదు కదా అని కూడా అడిగింది. ఇది సాబిరెకి చదివి వినిపించకు.

పిల్ల ఎలా ఉంది?

హుర్షిత్


ఉస్కుదార్
సెప్టెంబరు

మామయ్యగారికి,

బెదియా బాగుంది. జ్వరం దిగింది.

నజ్మీ


మెలెన్ ఏటి మొగ
అక్టోబరు

అల్లుడూ,

ముందు ఓడ సంగతి రాస్తాను. అది రాయడం తేలిక.

గురువారం గాలి ఉత్తరానికి తిరిగింది. నీళ్ళు పొంగాయి. వెనక లంగరు తాడుని లాగే యంత్రానికి చుట్టి, ఇద్రిస్ ఉన్న ఆవిరంతా ఇచ్చాడు. ఊరంతా ఒడ్డున నిలబడింది. ఇక్కడివాళ్ళు పడవల్ని లాగేటప్పుడు పాడే పాట పాడారు. ఇంత ఇనుముకి ఆ పాట ఏం సరిపోతుందని సబ్రీ అనబోయాడు. నోరు మూసుకోమన్నాను. సెబాత్ మొదట మూలిగింది. తర్వాత కదిలింది. తర్వాత, ఏమీ జరగనట్టు, తేలింది. "లేచావా సోమరీ" అని షెరిఫె అవ్వ అరిచింది. సబ్రీ ఆమె చేయి అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ముందు గదిలో మిగిలిన బొగ్గుతో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాం. ఆజ్ఞ వెనక్కి తీసుకున్నామని అధికారుల నుంచి తంతి వచ్చింది.

ఇప్పుడు రెండోది.

నీ ఉత్తరం ఓడ తేలడానికి ముందురోజు అందింది. బాగుంది, జ్వరం దిగింది. అంతే. ఇద్రిస్ సంతోషంతో గంతులేశాడు. నేను వెయ్యలేదు. చార్ట్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. నేనున్నది ఇసుక మీదే, నిజమే. కానీ మర్నాడు తేలబోయే ఓడ. నలభైమంది మనుషులు. వాళ్ళని నడపాల్సిన ముసలివాడికి నువ్వు ఏం రాస్తావు? నేనైతే ఏం రాశానో నాకు తెలుసు కదా. నా మూడు ఉత్తరాలూ ఇలాగే ఉన్నాయి. నీదానికంటే అవే నయం, మురబ్బా అన్నా ఉంది.

కిందటేడు నీకు ఏం చేశానో నాకు ఇప్పుడు తెలిసింది. ఆచారం తప్పని అనను. సినోప్ వాళ్ళంతా మునిగిన మాట అబద్ధం కాదు. కానీ అది మనిషిని ఓడ మీద బతికించి, ఆ తర్వాత ఏ ఉత్తరాన్నీ నమ్మకుండా చేస్తుంది. ఆ లెక్క మా నాన్న నాకు చెప్పలేదు.

ఏదైనా సరే, ఉన్నది రాయి. రాళ్ళమీదికి తోలను. మాటిస్తున్నాను. నీ జవాబు వచ్చాకే లంగరెత్తుతాను. అధికారులు అడిగితే గాలి బాగాలేదంటాను.

హుర్షిత్


ఉస్కుదార్
అక్టోబరు

మామయ్యగారికి,

మీ చేతులు కళ్ళకద్దుకుంటున్నాను. పొదుపుగా రాసినందుకు మన్నించండి. సాబిరె అత్తయ్య కూడా తిట్టింది. ఈసారి ఉన్నదంతా రాస్తాను.

కెఫ్కెన్ దాటాక మీ పడవ ఎదురైంది. ఆపలేదు. మీ ముఖంలో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. మీరు తెరచాప వైపు తిరిగి కూర్చున్నారు. మిగతా దారంతా ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. బతుకుతుందనీ అనడు, బతకదనీ అనడు అని మీరు రాశారు. ఏడాది తర్వాత నేను నమ్మిన మొదటి వాక్యం అది. దాని మీదే కూర్చుని వచ్చాను.

గడప దగ్గర ఎవరూ లేరు. లోపలికి వెళ్ళాను. బెదియా నన్ను గుర్తుపట్టలేదు. జ్వరం వల్ల అనుకున్నాను. "గడ్డం ఎందుకు పెంచావు?" అని తర్వాత అడిగింది. అంటే గుర్తుపట్టింది.

రెండు రాత్రులు గడ్డుగా గడిచాయి. మూడోనాడు చెమట పట్టింది, జ్వరం జారింది. ఇప్పుడు చర్మం పొరలుగా ఊడుతోంది. అది మంచిదేనని డాక్టరు చెప్పాడు. ఎడమ చెవిలో ఇంకా నొప్పి ఉంది. ఆ చెవితో వినికిడి కొంచెం తగ్గవచ్చని కూడా చెప్పాడు. దీన్ని దాచడం లేదు.

బెదియా నిగార్ గురించి అడిగింది. మీరు ఆమెకు అంతా చెప్పారని తెలిసింది. నేను కూడా చెప్పాను. ఓడలో వాళ్ళమ్మ ఎక్కడ కూర్చునేదో, అలలు పెద్దవైతే ఎలా నవ్వేదో చెప్పాను. ఇంతకాలం ఈ మాటలు నేను ఎవరితోనూ అనలేదు. అనగలిగాను.

సెబాత్‌ను తీసుకురండి. వచ్చే నెల నుంచి మళ్ళీ నేను నడుపుతాను. నా వంతు మాత్రమే. బొగ్గు దించుతుండగా ఇస్తినియె నుంచి పడవ ఎక్కుతాను. నేను సముద్రం మీద ఉన్నప్పుడు ఇంట్లో ఏం జరిగినా రాయండి. ఓడ ఇసుక మీద లేకపోయినా రాయండి.

ఇదంతా నిజమని మీకు ఎలా రుజువు చెయ్యాలో నాకు తోచలేదు. బెదియాని అడిగాను. కాగితం లాక్కుంది. కింద ఉన్నది ఆమె రాత. నేను దిద్దలేదు.

నజ్మీ

తాతా నేను బెదియాని. నాన్న నాకు సూప్ చేశాడు. మాడింది. బాగుందని సాబిరె అమ్మమ్మ అంది. బాగాలేదు. నువ్వొచ్చి చెయ్యి.